పథ్యం తప్పిందన్న మాట

సిలార్ పరుపులు కుడతాడు. నల్లపాడు దాటి కోల్డ్ స్టోరేజీల వరస వెంట పోతే, ఊరు మొదట్లోనే ఆయన కొట్టు. దూది ఏకే మిషను తిరుగుతున్నంతసేపూ దారిన పోయేవాళ్ళు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. గాలి అటు వీస్తే దూది ధూళి, ఇటు వీస్తే మిరప ఘాటు. ఆ రెండింటి మధ్య అరవై ఏళ్ళు బతికినవాడికి దగ్గు తప్ప వేరే ఆస్తి మిగలదు. సిలార్‌కి మాత్రం ఇంకొకటి ఉంది. ఆదివారం మందు.

అది పచ్చకామెర్లకు పోసే పసరు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఆయనకు వచ్చింది. ఆదివారం తెల్లవారకముందే పొలాల గట్ల వెంట పోయి ఆకు తెస్తాడు. నూరి, పిండి, మేకపాలలో కలిపి, కొట్టు ముందు వరసలో నిలబడ్డవాళ్ళకి పరగడుపున పోస్తాడు. ఏ ఆకో పెళ్ళానికి కూడా చెప్పడు.

"చెబితే నేను అమ్ముకుంటానని భయం" అంటుంది రహిమున్నీసా, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు. "ఈయన అమ్ముకోడు, నన్ను అమ్ముకోనివ్వడు. ఊళ్ళో అందరికీ పరుపులు కుట్టాడు, నేను మాత్రం చాప మీదే."

డబ్బు ముడితే మందు పనిచేయదని ఆ ఇంటి నమ్మకం. దానికంటే గట్టి నియమం ఇంకొకటుంది. వచ్చినవాళ్ళని పేరు అడక్కూడదు, ఊరు అడక్కూడదు, రోగం ఎందుకొచ్చిందని అసలే అడక్కూడదు. తాగి కాలేయం పాడుచేసుకున్నవాడు కూడా తలెత్తుకుని నిలబడాలి. అది మంచి నియమమే. ఇప్పటికీ దాన్ని తప్పని అనలేం. ఆ తర్వాత జరిగినదంతా ఆ మంచి నియమం నీడలోనే జరిగింది.

పథ్యం ఒక పక్షం. ఉప్పు, కారం, నూనె లేవు. మజ్జిగన్నం ఒక్కటే. ఇంగ్లీషు మందు ఏదీ నోట్లో పడకూడదు. "రెండు మందులు ఒక కడుపులో ఇమడవు" అని తాత అనేవాడట, సిలార్ కూడా ప్రతివాళ్ళకీ అదే చెప్పేవాడు. తగ్గితే సిలార్ హస్తవాసి. తగ్గకపోతే పథ్యం తప్పారు. మామూలు కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయని ఏ చిన్న పుస్తకం తిరగేసినా తెలుస్తుంది. కానీ మిరపకాయకి రేటు ఎంతో చెప్పని పుస్తకం అక్కడ ఎవరికి కావాలి.

మస్తాన్‌బీ ఆ వరసలోకి పోయిన ఏడాది వచ్చింది, పత్తి ఆఖరి తీతలు నడుస్తున్నప్పుడు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే పని ఆమెది. వేళ్ళ చివర్లు ఎప్పుడూ మండుతూ ఉంటాయి గనక పిల్లని చేత్తో పట్టుకోదు, మోచేత్తో ముందుకు తోస్తుంది. ఆ పిల్ల రిహానా. కూతురి కూతురు. పదకొండేళ్ళది. కళ్ళలో తెల్లగా ఉండాల్సిన చోట పసుపు కలిపిన నీళ్ళలా ఉంది.

"ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నాడు సిలార్.

"నెల దాటిందన్నా. కామెర్లు అంటుకుంటాయి, తగ్గాక పంపమని బళ్ళో టీచరు ఇంటికి పంపేసింది."

"వాంతులున్నాయా? అన్నం సయిస్తందా?"

"శుభ్రంగా తింటంది. ఆడతంది. కళ్ళే ఇట్టా ఉన్నాయి."

సిలార్‌కి అది వింతగా తోచింది. కామెర్ల మనిషి అన్నం వాసనకే మొహం తిప్పుకుంటాడు. కళ్ళు ఇంత పచ్చగా ఉండి, శుభ్రంగా తినే పిల్లని ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా అడగలేదు. అడగకపోవడం ఆ ఇంటి మర్యాద.

"పథ్యం తెలుసుగా. ఇంగ్లీషు మందు పడకూడదు."

"జొరం మాత్రా?"

"అదీ వద్దు."

"మరి... బలానికి వేసేవి?"

"ఏదైనా సరేనమ్మా. రెండు మందులు ఒక కడుపులో ఇమడవు."

మస్తాన్‌బీ ఇంకేదో అనబోయి వెనక్కి చూసింది. వరసలో ఆమె వెనకే, ఆమెతోపాటు తొడిమలు తీసే మనిషి నిలబడి ఉంది. మస్తాన్‌బీ నోరు మూసుకుని పిల్ల గడ్డం పైకెత్తింది. సిలార్ పసరు పోశాడు.

ఆమె చెప్పలేకపోయింది ఇది. రిహానాకి పుట్టుకతోనే హెచ్‌ఐవి ఉంది. తల్లి నుంచి వచ్చింది. రోజూ రాత్రి ఎనిమిదింటికి మాత్ర వేసుకోవాలి. చాలా ఏళ్ళు ఒక రకం మాత్రలు వాడాక అవి పనిచేయడం మానేశాయి. ఆ ఏడాదే డాక్టర్లు రెండో రకం ఇచ్చారు. ఆ మాత్రలు ఉచితమే, దగ్గర్లోనే దొరుకుతాయి కూడా. కానీ మస్తాన్‌బీ దగ్గర్లో తీసుకోదు. రెండు బస్సులు మారి, తన మొహం ఎవరికీ తెలియని వేరే పట్టణంలోని కేంద్రానికి పోతుంది. డబ్బా గలగలమంటే ఎవరైనా అడుగుతారని మాత్రల మధ్య దూది కుక్కి పెడుతుంది. ఇంతకుముందున్న ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరుకి నమ్మి చెప్పింది. ఆయన పిల్లకి సూది వెయ్యనన్నాడు. ఆయన ఇంకేమీ చెయ్యలేదు, తన భార్యతో ఒక మాట అన్నాడు, అంతే. మర్నాటికి ఆ ఊరి అద్దింటావిడ సామాను బయట పెట్టించింది.

అందుకే ఎవరినీ అడగలేదు. ఇంటికి పోయి, మాత్రల డబ్బా బియ్యం డబ్బా అడుక్కి తోసేసింది. పక్షమేగా అనుకుంది.

వారం తిరక్కముందే రిహానా కళ్ళు పాలల్లా తెల్లబడ్డాయి.

వీధంతా చూసింది. ఈ ఊరి ఇంటావిడ పిల్ల గడ్డం పట్టుకుని కళ్ళు విప్పించి మరీ చూసింది. "సిలార్ చెయ్యి అంటే చెయ్యే" అన్నారు. ఆ వచ్చే ఆదివారం వరస రోడ్డు దాకా సాగింది. పిల్ల బడికి పోయింది.

పథ్యం అయిపోగానే మస్తాన్‌బీ మాత్రలు మళ్ళీ మొదలుపెట్టింది. కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. మళ్ళీ సిలార్ దగ్గరికి వచ్చింది.

సిలార్‌కి రోషం వచ్చింది. "నా మందు పడ్డాక తిరగబెట్టింది ఇదే మొదలు. పథ్యం తప్పావా?"

ఆ మాటకి మస్తాన్‌బీ మొహంలో రక్తం లేకుండా పోయింది. "లేదన్నా. ఒట్టు. ఉప్పు కల్లు కూడా పెట్టలా."

"అయితే ఈసారి రెండు పక్షాలు చెయ్యి."

చేసింది. కళ్ళు మళ్ళీ తెల్లబడ్డాయి. ఈసారి గడువు తీరినా ఆమె చెయ్యి బియ్యం డబ్బా దాకా పోలేదు. పిల్ల బడికి పోతోంది. టీచరు ఏమీ అనడం లేదు. ఇంటావిడ ఏమీ అడగడం లేదు. కొన్నాళ్ళు ఆగి మొదలుపెడదాం అనుకుంది. మిరపకోతలు వచ్చాయి, కోల్డ్ స్టోరేజీకి లారీలు వచ్చాయి, పని ఊపిరాడనివ్వలేదు. ఆ కొన్నాళ్ళు అలా సాగిపోయాయి.

పరీక్షల రోజుల్లో రిహానాకి దగ్గు పట్టుకుంది. బుగ్గలు లోపలికి పోయాయి. వేసుకున్న గౌను భుజాల మీంచి జారుతుంటే పిన్నీసు పెట్టి బడికి పంపింది మస్తాన్‌బీ. ఒక మంగళవారం మధ్యాహ్నం బళ్ళోనే పడిపోయింది. వీధిలో ఉండే గౌస్ బాషా ఆటోలో పిల్లని వేసుకుని మస్తాన్‌బీ తిన్నగా పరుపుల కొట్టుకే వచ్చింది, ఆసుపత్రికి కాదు.

"కళ్ళు చూడన్నా. తెల్లగానే ఉన్నాయి. పిల్ల మాత్రం కరిగిపోతంది" అంది.

సిలార్ మిషను ఆపాడు. దూది పోగు మీద పిల్లని పడుకోబెట్టాడు. ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళు మాత్రం తెల్లగా, కడిగినట్టు ఉన్నాయి. ఆ తెల్లదనం చూసి ఆయనకు మొదటిసారి భయం వేసింది.

"ఏం పెడుతున్నావమ్మా దీనికి? ఏం ఆపావు?" అన్నాడు. తాత కాలం నుంచి ఆ కొట్టులో ఎవరూ ఎవరినీ అడగని మాట.

మస్తాన్‌బీ లేచి కొట్టు తలుపు దగ్గరికి వేసింది. చెప్పింది.

రహిమున్నీసా అప్పుడే పిల్లకి నీళ్ళు తాగించింది. ఖాళీ గ్లాసు చేతిలో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మస్తాన్‌బీ ఆ గ్లాసు వంకే చూసింది. కాసేపటికి రహిమున్నీసా దాన్ని తీసుకెళ్ళి మిగతా గ్లాసుల పక్కనే బోర్లించింది. ఆ కాసేపటి జంకు మాత్రం ముగ్గురికీ తెలిసింది.

"పదండి ఆసుపత్రికి. నేనూ వస్తా" అన్నాడు సిలార్.

మస్తాన్‌బీ మాత్రలు తెచ్చుకునే ఆ పట్టణంలోని కేంద్రం దాకా గౌస్ బాషా ఆటోలోనే వెళ్ళారు. డాక్టరమ్మ పిల్ల వీపు మీద స్టెత్ పెట్టి, నర్సుని కేకేసి, ఆక్సిజన్ పెట్టించాకే వీళ్ళ వంక చూసింది. రిహానా మంచం పక్కన స్టూలు మీద సిలార్ కూర్చుని ఉన్నాడు.

"ఈయనెవరు?"

"మా అన్నండి" అంది మస్తాన్‌బీ.

"నెమ్ము చేసింది. మామూలు నెమ్ము కాదు. మాత్రలు ఎన్నాళ్ళు ఆపారు?"

మస్తాన్‌బీ చెప్పింది. డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"ఎందుకు ఆపావమ్మా? ఇన్నేళ్ళు ఒక్క పూట మానలేదు కదా నువ్వు."

"కళ్ళు పచ్చబడ్డాయండి. కామెర్లు."

"కామెర్లు కాదని చెప్పాను కదా నీకు. ఈ కొత్త మాత్ర వేసుకుంటే కొంతమందికి కళ్ళు పసుపు తిరుగుతాయి, కాలేయానికి ఏమీ కాదు, భయపడొద్దని, ఇదే కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాను. రక్తపరీక్ష చేయించి అది కూడా బాగుందని చెప్పాను."

"చెప్పారేమోనండి." మస్తాన్‌బీ కొంగు సర్దుకుంది. "ఆ రోజు బయట మా కోల్డ్ స్టోరేజీ మనిషిలాంటావిడ కనబడింది. ముసుగు లాక్కుని, ఎప్పుడు బయటపడదామా అని కూర్చున్నా. మీరు చెప్పింది చెవికెక్కలా."

సిలార్ ఉండబట్టలేక అడిగాడు. "మరి పసరు పోస్తే కళ్ళు తెల్లబడ్డాయి కదండీ. రెండుసార్లు."

"మాత్రతో వచ్చిన రంగు మాత్ర ఆపితే పోతుంది. నీళ్ళు పోసినా పోతుంది, పసరు పోసినా పోతుంది, ఏమీ పొయ్యకపోయినా పోతుంది." డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పడేసింది. "ఎవరు పోసింది ఆ పసరు? వాణ్ణి తీసుకొచ్చి ఈ పిల్ల పక్కన కూర్చోబెట్టాలి. ఎట్లా ఊపిరి తీస్తోందో చూస్తాడు."

సిలార్ పిల్ల పక్కనే కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. ఆకుపసరు మరక ఆయన గోళ్ళలోంచి ఏ సబ్బుకీ పోదు.

"ఎవరోనండి. ఊరు కాని ఊరు" అంది మస్తాన్‌బీ, నేల చూస్తూ.

"ఇది రెండో రకం మందు. ఇది కూడా పనికిరాకుండా చేసుకుంటే ఆ తర్వాత దారి చాలా ఇరుకు. వింటున్నారా? ఇంక ఒక్క రోజు తప్పినా ఊరుకునేది లేదు."

పిల్ల బతికింది. వార్డులో ఉన్నన్నాళ్ళూ నర్సులే మాత్ర వేశారు. ఇంటికి వచ్చేసరికి నడుస్తోంది, కొంచెం తింటోంది. కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి.

ఇంటికి వచ్చిన రోజు రాత్రి రహిమున్నీసా ఇచ్చిన కోడిపులుసు తీసుకుని సిలార్ వాళ్ళింటికి వెళ్ళాడు. ఒంటిగది ఇల్లు. రిహానా గోడకి ఆనుకుని పుస్తకం చదువుకుంటోంది. మస్తాన్‌బీ మాత్రల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూత తీయలేదు.

"వెయ్యలేదా?" అన్నాడు సిలార్.

"నా చెయ్యి ఆడటం లేదన్నా. ఆ కళ్ళు చూడు. డాక్టరమ్మ ఏమన్నా చెప్పనీ. ఈ రంగు నేను ఎరుగుదును. ఇది వచ్చిన మనిషిని నేను పూడ్చిపెట్టుకున్నా. మాత్ర మానితే తెల్లబడటం నా కళ్ళతో రెండుసార్లు చూశా. ఇప్పుడు వేస్తే నా చేతులతో నేనే..." ఆగింది. "నువ్వు చెప్పు. నువ్వు చెబితే వేస్తా. ఆమె మాట నాకొద్దు."

"వెయ్యమ్మా."

"మరి నీ మందు?"

"నా మందు వద్దు."

"ఎందుకు వద్దు? రెండూ ఇమడవనా?"

సిలార్ అవునందామనుకున్నాడు. అవునంటే సరిపోయేది. పరువు దక్కేది, మాత్రా పడేది. కానీ రేపు కళ్ళు ఇంకాస్త పచ్చబడితే ఈమె మళ్ళీ మాత్ర ఆపి పసరుకే వస్తుందని, తను కాకపోతే ఇంకొకడి పసరుకి పోతుందని ఆయనకు అర్థమైంది.

"నా మందు ఏమీ చెయ్యలేదమ్మా. కళ్ళు తెల్లబడింది మాత్రలు ఆపినందుకు. నా మందు వల్ల కాదు." ఇక్కడితో ఆపవచ్చు. ఆపలేదు. "ఇంతమందికి పోశా. తగ్గినవాళ్ళకి దానివల్లే తగ్గిందో, ఊరికే తగ్గిందో నాకు తెలీదు. మా నాయనకీ తెలీదు."

మస్తాన్‌బీ డబ్బా మీంచి తలెత్తింది.

"మరి మా ఖుర్షిదాకో?" అంది.

"ఎవరమ్మా?"

"నా కూతురు. దీని తల్లి. నాలుగేళ్ళ కింద నీ వరసలోకే తెచ్చా. అప్పుడు మేం వేరే ఊళ్ళో ఉండేవాళ్ళం. అదీ ఇదే మాత్ర వేసుకునేది, దాని కళ్ళూ ఇట్టాగే ఉండె. నువ్వు ఆపమన్నావు, ఆపాం. కళ్ళు తెల్లబడ్డాయి. తర్వాత జొరం తగులుకుంది, దగ్గు తగులుకుంది, మనిషి లేవలా. పోయాక నీ కొట్టుకొచ్చి అడిగా, ఎందుకిట్టా అయిందన్నా అని. పథ్యం తప్పి ఉంటారమ్మా అన్నావు. దూది ఏకుతూనే అన్నావు, మిషను కూడా ఆపలా."

సిలార్ చేతిలోని పులుసు గిన్నె కింద పెట్టాడు.

"తప్పాం నిజంగానే. మజ్జిగన్నం దిగట్లేదమ్మా, ఒక్క ముద్ద కారంతో పెట్టమని ఏడ్చింది. పండుమిరప పచ్చడి కలిపి ఒక్క ముద్ద పెట్టా. నా చేత్తో. ఎంత ఇష్టంగా తిన్నదో." మస్తాన్‌బీ తన వేళ్ళ వంక చూసుకుంది. "ఆ ముద్దతోనే చంపుకున్నా అనుకున్నా. నాలుగేళ్ళు. అందుకే దీనికి ఉప్పు కల్లు కూడా తగలనివ్వలా. నువ్వు చెప్పినట్టే చేశా. నువ్వు చెప్పినట్టు చేసి దీన్ని కూడా..."

రిహానా పుస్తకం మూసింది. ఆ ముద్ద సంగతి ఆ పిల్లకి తెలియదు. మస్తాన్‌బీకి తప్ప ఎవరికీ అప్పటిదాకా తెలియదు.

"గుర్తుందా నీకు అది? పొడుగ్గా ఉండేది. ఇక్కడ పుట్టుమచ్చ." మస్తాన్‌బీ చుబుకం మీద చూపించింది.

గుర్తుందని అనాలని సిలార్ ప్రాణం కొట్టుకుంది. ఎన్ని ఆదివారాలు, ఎన్ని గడ్డాలు, ఎన్ని పచ్చని కళ్ళు. వెతికాడు. ఒక్క మొహం కూడా రాలేదు.

"లేదమ్మా."

మస్తాన్‌బీ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అలా చేసినా ఆయనకు సుఖంగా ఉండేది. డబ్బా మూత తీసి, దూది లాగి పారేసి, మాత్రలు అరచేతిలో వేసుకుని పిల్ల వైపు చాచింది. రిహానా మింగింది. అలవాటైన పిల్ల, నీళ్ళు ఒక్క గుక్కే తాగింది.

సిలార్ లేవబోయాడు.

"కూర్చో" అంది మస్తాన్‌బీ. "ఎక్కడికి పోతావు? కక్కుతుందేమో చూడు. రేపు కూడా రా. ఎల్లుండీ రా. ఆపించిందెవరు? నువ్వేగా. నీ ఎదురుగానే వేస్తా. నాకు చెయ్యి ఆడకపోతే నువ్వు వెయ్యి."

"వస్తా."

అప్పటినుంచి పోతున్నాడు. ఆదివారం మందు మానేశాడు. "రక్తం చూపించుకోండి, వాడే మాత్రలు ఆపకండి" అని కొట్టు ముందు నిలబడి చెబితే, వచ్చినవాళ్ళు ముసలాడికి మతి పోయిందని పక్క ఊళ్ళో పసరు పోసే ఇంకొకాయన దగ్గరికి పోతున్నారు. ఆ పెద్దమనిషి కూడా ఎవరినీ ఏమీ అడగడట.

ఊరు ఊరుకుంటుందా. మొగదిక్కు లేని ఇంటికి పొద్దుగూకగానే ఈ ముసలాయనకేం పని అని కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర మొదలైంది. సిలార్ ఒక్క మాటతో దాన్ని ఆపగలడు. ఆ మాట చెబితే పిల్లకి బడి ఉండదు, మస్తాన్‌బీకి ఇల్లు ఉండదు. చెప్పడు. నలభై ఏళ్ళు ఆయన చేతి పసరు తాగిన ఊరు ఇప్పుడు ఆయన్ని చూసి మూతి తిప్పుకుంటోంది. మొన్న ఒకావిడ నేరుగా రహిమున్నీసానే అడిగింది.

"ఏందొదినా, మీ ఆయన రోజూ అటు పోతన్నాడంట?"

"పోతన్నాడు" అంది రహిమున్నీసా. "ఈ వయసులో ఆయనకి ఆ ఓపికే ఉంటే ముందు నాకు ఒక పరుపు కుట్టేవాడు. పోయి నీ పని చూసుకో."

రిహానా కళ్ళు పసుపుగానే ఉన్నాయి. కామెర్లు కాదు, అంటుకోదని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూసి టీచరు బళ్ళో కూర్చోనిస్తోంది. ఏ మందుకి అలా అయిందో ఆ కాగితంలో లేదు. పాత మందు చెడినట్టు ఈ మందు కూడా చెడిందో లేదో తెలిపే రక్తపరీక్ష ఇంకా చేయాల్సి ఉంది. అప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఎనిమిదింటికి సిలార్ ఆ గడప మీద కూర్చుంటాడు. లోపలికి రమ్మని మస్తాన్‌బీ అనదు. మంచినీళ్ళు కూడా ఇవ్వదు. పిల్ల మాత్ర మింగి, నోరు తెరిచి నాలుక ఎత్తి చూపిస్తుంది. ఆయన తల ఊపుతాడు.

"ఇంక పో" అంటుంది మస్తాన్‌బీ.

లేచి పోతాడు.